మేస్త్రి మాట్లాడిన పదకొండు నిమిషాలు

ఫోన్ మోగేసరికి సోఫాలక్క నోట్లో ఆరు మేకులు, ఎడమచేతిలో రెగ్జిన్ అంచు, కుడిచేతిలో సుత్తి ఉన్నాయి. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఫోన్లు చేసేవాళ్ళంతా ఇంతే, అవతలి మనిషి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని తమకోసమే కూర్చునుంటుందనుకుంటారు. రెగ్జిన్‌ని మోకాలితో చెక్కకి అదిమిపెట్టి, మేకులు అరచేతిలోకి ఊసి, "ఎవరండీ?" అంది విసుగ్గా.

"నమస్కారమండీ, బీమా కంపెనీ నుంచి. గురువారం ఫిర్యాదుల ఆఫీసులో మీ విచారణ ఉంది కదా, దాని గురించి."

మోకాలు సడలింది. సాగదీసిన రెగ్జిన్ కాస్తా సర్రున వెనక్కి పోయింది. అరగంట పని గంగపాలు.

ఎనిమిది నెలల్లో వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారి. తను చేసినప్పుడల్లా "మీ కాల్ మాకెంతో విలువైనది" అని చెప్పి ఏదో సంగీతం పెట్టేవాళ్ళు. అదెన్నిసార్లు విందంటే, ఒకరోజు మిషను కుడుతూ అదే రాగం తీస్తున్నానని తెలిసి తన నోరు తనే మూసుకుంది.

"మీ క్లెయిము మళ్ళీ పరిశీలించామండీ" అంటోంది ఆ మగగొంతు వెన్నపూస రాసినట్టు. "మానవతాదృష్టితో మొత్తం ఇచ్చేద్దామని పైవాళ్ళు నిర్ణయించారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు మీరొక్క సంతకం పెడితే చాలు. గురువారం పని మానుకుని అంతదూరం రానక్కర్లేదు."

"మరి రికార్డు?" అంది ఆమె.

"ఏ రికార్డండీ?"

"మా ఆయన మాట్లాడింది. పదకొండు నిమిషాలు ఉందని మీరే రాశారుగా."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అదా... అది కంపెనీ సొంతానికండీ. కేసు మూసేశాక తీసేస్తారు. రూలు."

"నాకో కాపీ ఇవ్వచ్చుగా?"

"కుదరదండీ. రేపో ఎల్లుండో నేనే వచ్చి కలుస్తాను, ఆలోచించుకోండి."

ఆలోచించుకోడానికి ఏముంది! ఎనిమిది నెలలుగా కాళ్ళరిగేలా తిరిగింది దేనికోసం? మొత్తం ఇస్తామంటే ఎగిరి గంతెయ్యాలి కదా మనిషన్నాక. సోఫాలక్కకి మాత్రం గుండెల్లోంచి ఏదో లాగేసుకుంటున్నట్టనిపించింది. మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకుని సుత్తి తీసుకుంది. మొదటి మేకే వంకర పోయింది.

షాపంటే పెద్దదేం కాదు, ముందు గది. మధ్యలో ఎప్పుడూ ఒక సోఫా చర్మం ఒలిచిన ఎముకల గూడులా నిలబడి ఉంటుంది. గోడవారన ఫోము షీట్లు, బెంచీ కింద స్ప్రింగులు, కిటికీ దగ్గర కుట్టుమిషను. కవర్లు కుట్టడం ఆమె పని, చెక్క మీద బిగించడం ఆమె మొగుడు మేస్త్రిది. బిగించేటప్పుడు మాత్రం ఇద్దరూ కావాలి. ఒకరు అటు అంచు పట్టి లాగితే ఒకరు ఇటు మేకు కొట్టాలి. మేస్త్రి పోయి పది నెలలైంది. అప్పట్నించీ ఆమె మోకాలితోనూ, పళ్ళతోనూ, ఒక్కోసారి కిటికీ ఊచకి తాడు కట్టీ ఆ రెండోమనిషి పని లాక్కొస్తోంది.

గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరి తొమ్మిదోరోజున పోయాడాయన. ఆ ఆస్పత్రి ఖర్చు ఇవ్వమంటే కంపెనీ పంపిన ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది, అది చింపెయ్యాలనిపించినప్పుడల్లా చింపలేక. పాలసీ తీసుకోకముందే మీ భర్తకి ఛాతీనొప్పి ఉంది, ఫలానా డిస్పెన్సరీలో పరీక్ష కూడా రాశారు, అయినా ఫోన్లో మేం అడిగితే ఏ జబ్బూ లేదన్నారు, నిజం దాచారు కాబట్టి పైసా రాదు. అదీ సారాంశం. దానికి జతగా ఓ కాగితం. తొమ్మిది ప్రశ్నలు, వాటికెదురుగా వరసగా తొమ్మిది 'లేదు'లు. కింద చిన్న అక్షరాలతో, సంభాషణ నిడివి పదకొండు నిమిషాలు.

డబ్బు రాదన్నందుకు కాదు ఆమెకి ఒళ్ళు మండింది. ఫోములో చిన్న అతుకేసినా కస్టమరుని పిలిచి చూపించి మరీ వేసే మనిషి అబద్ధమాడాడా? పోనీ ఆడలేదనుకుందాం, డిస్పెన్సరీకి వెళ్ళిన మాట నిజమేగా, చీటీ ఉంది. అంటే అంత నొప్పి పెట్టుకుని ఒకే మంచం మీద పడుకుంటూ నాకు చెప్పకుండా దాచాడా? వాళ్ళకైనా అబద్ధం చెప్పుండాలి, నా దగ్గరైనా దాచుండాలి. ఈ రెండింటి మధ్య ఎనిమిది నెలలుగా నలిగిపోతోంది. ఆ పదకొండు నిమిషాలు వింటే తప్ప తేలదు.

అది ఒకటి. రెండోది ఎవరికీ చెప్పలేదు. ఆమెకి ఆ గొంతు కావాలి. మేస్త్రి ఫొటోలు బోలెడున్నాయి, గొంతే ఎక్కడా లేదు. పొద్దస్తమానం నోట్లో మేకులుంటే ఇంకేం మాట్లాడతాడు! ఏమడిగినా 'ఊఁ', కాదంటే 'ఊఁహూఁ'. కస్టమర్లు 'ఊఁ మేస్త్రి' అని పేరు పెట్టి ఆటపట్టించేవారు. ఆయనన్న మాటలన్నీ ఆమెకి గుర్తున్నాయి. అన్న గొంతే రోజురోజుకీ చెవిలోంచి జారిపోతోంది. పట్టుకుందామని చూస్తే ఒక్కోసారి తన గొంతే వినిపిస్తోంది ఆయన మాటలకి. అప్పుడు ఏడుపు తన్నుకొస్తుంది.

సాయంత్రం కూతురు వచ్చింది. కళ్ళద్దాల షాపులో పని దానికి. చెప్పులు విడుస్తుండగానే తల్లి విషయం చెప్పింది.

"మొత్తం ఇస్తామన్నారా? నిజంగా?" గుమ్మంలోనే కూలబడింది కూతురు. "అమ్మా! పెట్టెయ్యవే సంతకం. ఇంకా చూస్తావేంటి?"

"రికార్డు తీసేస్తారటే."

"తీసెయ్యనీ. మనకెందుకది?"

సోఫాలక్క మిషను ముందు కూర్చుని ఉత్తినే దారం తీసి మళ్ళీ ఎక్కించింది. కూతురికి అర్థమైంది. దగ్గరికొచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నాన్న గొంతు నాకు గుర్తుందమ్మా. కావాలంటే చూడు." గొంతు బొంగురు చేసి, "ఇదిగో... ఆ సుత్తి ఇటందుకో" అంది.

"అలా కాదే" అంది తల్లి.

"అలాగే."

"'ఇదిగో' అన్నాక ఆగేవాడు. నేను తలెత్తేదాకా ఆగి, అప్పుడు అడిగేవాడు. నీకు తెలీదు."

"ఆగేవాడా?" కూతురు ఇంకోసారి ప్రయత్నించింది. అదీ కుదరలేదు. మూడోసారి సగంలోనే ఆపేసింది. ఆస్పత్రి అప్పు తీర్చేది కూతురి జీతం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

"నువ్వెలా అంటే అలాగే అమ్మా" అంది చివరికి కూతురు. "కానీ ఆ తర్వాత బాధపడితే నన్నేం అనకు."

మంగళవారం పొద్దున్నే సోఫాలక్క ఇన్సూరెన్స్ బాబాయి ఇంటికి వెళ్ళింది. ఆయన ఆమెకి బాబాయేం కాదు. ఇంకో బీమా కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు వరండాలో పాత టేబులేసుకుని ఊళ్ళోవాళ్ళకి ఊరికే అర్జీలు రాసిపెడతాడు. "ఎంతమంది క్లెయిములు తిరగ్గొట్టాయో అమ్మాయ్ ఈ చేతులు, కాస్త కడుక్కోనీ" అంటాడు ఎవరైనా ఫీజు గురించి ఎత్తితే. కిందటి విచారణలో ఆ రికార్డు తెచ్చి వినిపించమని ఆర్డరు వేయించింది ఆయనే.

సంగతంతా విని కళ్ళజోడు నుదుటి మీదకి తోశాడు. "తొమ్మిది ప్రశ్నలకి తొమ్మిది సార్లు లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది?"

"నిమిషం."

"నత్తినత్తిగా అన్నా రెండు నిమిషాలు. మిగతా తొమ్మిది నిమిషాలు మీ ఆయన ఏం మాట్లాడాడు?"

"మా ఆయనా? తొమ్మిది నిమిషాలా?" నవ్వొచ్చింది ఆమెకి. "పెళ్ళయ్యాక నాతోనే తొమ్మిది నిమిషాలు ఏకబిగిన మాట్లాడి ఎరగడు."

"అదే చెప్తున్నా. ఆ తొమ్మిది నిమిషాలు వాళ్ళు విన్నారు, వినే ఫోన్ చేశారు. మొత్తం ఇస్తామని కంపెనీ తనంతట తను అనడం నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చూళ్ళేదు. భయం పుట్టింది వాళ్ళకి. నీ ఒక్కదాని గురించి కాదు. మీ ఆయన్ని ఫోన్లో ప్రశ్నలడిగిన మనిషి రోజుకి ఎంతమందిని అడుగుతుంది? వాళ్ళందరి కాగితాల మీదా ఇవే 'లేదు'లు ఉండవూ?"

"నన్నేం చెయ్యమంటారు బాబాయ్‌గారూ?"

ఆయన గుండుసూదుల డబ్బా ఇటు జరిపి, అటు జరిపాడు. "సంతకం పెడితే తప్పులేదమ్మాయ్. నీకు రావలసిందే అది. వినిపించాక ఏదైనా జరగచ్చు, ఉన్నదీ పోవచ్చు. అది మాత్రం ముందే చెప్తున్నాను."

ఉన్నదీ పోవచ్చన్న మాట ఆమెతోపాటు ఇంటిదాకా వచ్చింది. దారిలో ఫోము కొట్టు దగ్గర ఆగి రెండు షీట్లు బేరం చేసి, తీసుకోకుండానే వచ్చేసింది. బేరం చేసినట్టు కూడా కొట్టువాడు వెనకనించి పిలిస్తేనే గుర్తొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడిన మనిషి ఫైలు పట్టుకుని వచ్చాడు. మెడకి టై, మీద చెమట. కూర్చోమనేలోపే వెళ్ళి మరమ్మతులో ఉన్న సోఫాలో కూర్చున్నాడు. స్ప్రింగులింకా కట్టలేదు దానికి. మనిషి సగం లోపలికి దిగబడిపోయి, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"అయ్యయ్యో, అది కాదు బాబూ!" అని చెయ్యిచ్చి లాగింది సోఫాలక్క. నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. పాపం, అతనూ నవ్వేశాడు. చూస్తే చెడ్డవాడిలా లేడు. అదే వచ్చిన చిక్కు. ఈ ఎనిమిది నెలల్లో ఆ కంపెనీలో ఆమెకి ఒక్క చెడ్డవాడూ తగల్లేదు. అందరూ 'నా చేతుల్లో లేదమ్మా' అన్నవాళ్ళే. మరి ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళు మాత్రం కనపడరు.

అతను బెంచీ మీద కాగితాలు పరిచాడు. సంతకం పెట్టాల్సిన చోట్ల పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టి తెచ్చాడు.

"చదువుతారా?"

"చదువుతాను" అని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. మూడో పేరా దగ్గర ఆగింది. "'నిజం దాచిన మాట వాస్తవమే అయినప్పటికీ' అని ఉందే ఇక్కడ?"

"అదంతా లాంఛనమండీ. మామూలుగా రాసే భాష."

"మామూలుగా రాసే భాషలో మా ఆయన అబద్ధాలకోరా?"

"అలా కాదండీ..." నీళ్ళు నమిలాడతను. "చూడండి, పోయినాయన ఎలాగూ రారు. మీరు, పిల్ల బాగుండాలి. నేనూ జీతగాణ్ణే. ఇది ఈరోజు అయిపోతే నాకూ..." మధ్యలో ఆపేశాడు.

సోఫాలక్కకి జాలేసింది. నిజంగానే వేసింది. కూతురు గుర్తొచ్చింది. నెలమొదట్లో జీతం కవరు విప్పకుండానే బల్లమీద పెట్టే దాని పద్ధతి గుర్తొచ్చింది. పెన్ను తీసుకుంది కూడా. పెన్సిలు గుర్తు మీద ములుకు ఆనించింది.

"ఆ రికార్డు మీరు విన్నారా బాబూ?" అంది తలెత్తకుండానే.

"విన్నానండీ."

"ఎలా ఉంది మా ఆయన గొంతు?"

ఈ ప్రశ్నకి అతను తయారై రాలేదు. కాసేపు ఆమెవంక చూసి, కళ్ళు దించుకున్నాడు. "బాగుందండీ" అన్నాడు మెల్లగా. "నెమ్మదిగా... ఆగి ఆగి మాట్లాడతారు."

అంతే. సోఫాలక్క పెన్ను మూత పెట్టేసింది. ఆగి ఆగి మాట్లాడతాడని ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి తనకి చెప్పాలా! ఆ గొంతు ఇతగాడి చెవిలో ఉంది, తన చెవిలో లేదు. అసూయ కూడా పడింది. కాగితాలు దొంతర పెట్టి అతని చేతికిచ్చి, "రేపు ఆఫీసులో కలుద్దాం" అంది.

గురువారం కూతురు సెలవు పెట్టింది. పదింటికల్లా ముగ్గురూ, తల్లీ కూతురూ ఇన్సూరెన్స్ బాబాయీ, ఫిర్యాదుల ఆఫీసు మూడో అంతస్తులో కూర్చున్నారు. విచారణ గదిలో పొడుగు టేబులు, దాని మీద కంప్యూటరు. తిరిగేటప్పుడు టకటకమనే ఫాను ఒకటి. విచారణ చేసేది నడివయసు అధికారిణి, అందరూ మేడమ్ అంటున్నారు. ఆమె కూర్చున్న కుర్చీ చెయ్యి చిరిగి ఫోము బయటికొచ్చింది. సోఫాలక్క చూపు ముందు దానిమీదకే పోయింది.

"రికార్డింగు తెచ్చారా?" అంది మేడమ్.

"తెచ్చామండీ" అన్నాడు టై ఆయన, నిన్నటి ముఖం కాదు అతనిది. "కానీ మేడమ్, మేం మొత్తం సొమ్ము ఇస్తామన్నాం. వినాల్సిన అవసరమే లేదు."

మేడమ్ సోఫాలక్క వైపు తిరిగింది. "ఏమ్మా, ఇస్తామంటున్నారుగా. వినాలా?"

"వినాలండీ."

కంప్యూటర్లోంచి శబ్దం రాలేదు. "స్పీకరు పనిచెయ్యట్లేదేమో మేడమ్, ఇంకో తేదీ వేస్తే..." అని టై ఆయన ఆశగా అంటుండగానే గుమాస్తా టేబులు కిందకి దూరి, వైరు గుచ్చి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

ముందు ఒక అమ్మాయి గొంతు వచ్చింది, చురుగ్గా, ఒక్క గుక్కలో. ఈ కాల్ రికార్డవుతోంది సార్, మా ఆరోగ్య పాలసీ గురించి సార్, కొన్ని ప్రశ్నలు సార్. దానికి జవాబుగా, "ఊఁ."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

పేరు ఇదేనా సార్? ఊఁ. వయసు ఇంతేనా సార్? ఊఁ. మధ్యలో టక్, టక్ అని సుత్తి.

"ఈయన మాట్లాడరేంటి?" అంది మేడమ్.

"నోట్లో మేకులున్నాయండీ" అంది సోఫాలక్క.

ఆ తర్వాత మేకులు డబ్బాలో పడ్డ చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. "చెప్పమ్మా" అన్నాడు మేస్త్రి.

అబ్బ! పది నెలలుగా ఎంత వెతుక్కుంది దానికోసం! తను అనుకున్నంత బొంగురు కాదు. కాస్త పైకి ఉంది, చివర్న మెత్తగా దిగింది. ఇంత మామూలు గొంతుని ఎలా మర్చిపోయింది తను? ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చుంది సోఫాలక్క.

"ఛాతీలో నొప్పి, ఆయాసం లాంటివి ఏమైనా ఉన్నాయా సార్?"

"ఉందమ్మా. రెండు నెలల్నించి... ఇక్కడ పట్టేసినట్టుంటోంది. మెట్లెక్కితే ఎక్కువ. డిస్పెన్సరీలో డాక్టరుగారు ఏదో పరీక్ష రాశారు. ఇంకా చేయించలేదు."

"చేయించలేదు కదా సార్, అయితే జబ్బు లేనట్టే. లేదు అనండి."

"నొప్పి ఉందిగా మరి."

"ఉంది అంటే ఫారం ముందుకెళ్ళదు సార్. అందరూ అలాగే అంటారు. మీరు లేదు అంటే చాలు, తర్వాత మేం చూసుకుంటాం."

"ఉన్నదాన్ని లేదని ఎలా అంటానమ్మా? రేపు ఏదైనా అయితే మీరే అడుగుతారు, ఎందుకు చెప్పలేదని."

"అడగం సార్. నేను చెప్తున్నాగా."

అలా సాగింది. ఆ పిల్ల తిప్పి తిప్పి అడుగుతోంది, ఈయన తిప్పి తిప్పి అదే చెప్తున్నాడు. ఎక్కడ నొప్పి వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, రాత్రిళ్ళు లేచి కూర్చుంటే ఎలా తగ్గుతుందో. ఎవరో తెలియని పిల్లకి ఓపిగ్గా, దాచకుండా. పక్కన ఇన్సూరెన్స్ బాబాయి టేబులు మీద మెల్లగా అరచెయ్యి ఆనించాడు. మేడమ్ పెన్ను ఆగకుండా రాస్తోంది. టై ఆయన తలెత్తలేదు.

చివరికి మేస్త్రి ఫోనుకి దూరంగా తిరిగినట్టున్నాడు. గొంతు పక్కకి పోయింది. "ఇదిగో..." అన్నాడు. ఆగాడు. "ఏమంటావు? లేదనమంటోంది ఈ అమ్మాయి."

అవతలనించి ఒక ఆడగొంతు, దూరంగా, కసురుతున్నట్టు. "అబ్బా, అనేసి పెట్టెయ్యండి! గుడ్డ జారిపోతోంది ఇక్కడ!"

క్షణం ఆగి, "లేదమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత మిగిలిన ఎనిమిదీ వరసగా, లేదు, లేదు, లేదు.

రికార్డు అయిపోయింది. గదిలో ఫాను టకటకలాడుతోంది.

సోఫాలక్కకి ఆ రోజు బిగించింది ఏ సోఫాయో కూడా గుర్తు లేదు. ఇలాంటి మధ్యాహ్నాలు వేలున్నాయి, అన్నిట్లోనూ ఆయన ఆ చివర, తను ఈ చివర, మధ్యలో బిగదీసిన గుడ్డ. నాలుగడుగుల దూరంలో నిలబడి ఆయన నొప్పంతా చెప్పుకున్నాడు. తనకి గుడ్డ తప్ప ఏమీ వినపడలేదు. ఆయన తనంతట తను ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఎవరి దగ్గరా దాచలేదు.

టై ఆయనకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "చూశారా మేడమ్! ఇంట్లోవాళ్ళే చెప్పించారు. ఇందులో కంపెనీ తప్పేముంది? పైగా ఫోన్ చేసిన అమ్మాయి మా ఉద్యోగి కూడా కాదు. అదంతా బయట ఫోన్లు చేసే ఏజెన్సీ పని. వాళ్ళెవరో ఏమన్నారో దానికి మాకు సంబంధం లేదు."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "వెనక వినపడ్డ ఆడమనిషి ఎవరమ్మా?"

ఇన్సూరెన్స్ బాబాయి ఆమెవైపు వంగాడు. "తెలీదను" అన్నాడు పెదవి కదపకుండా. "కస్టమరేమో అను. ఎవరూ తేల్చలేరు." కూతురి వేళ్ళు తల్లి మణికట్టు మీద బిగుసుకున్నాయి. దూరంనించి వచ్చిన గొంతు, సుత్తిచప్పుడు, ఎవరిదైనా కావచ్చు.

"నాదేనండి" అంది సోఫాలక్క.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"నా గొంతేనండి అది. అనెయ్యమన్నది నేనే. ఆయన ఏం చెప్తున్నాడో వినిపించుకోకుండా అన్నాను. అది నా తప్పు, కాదనను. బతికున్నంతకాలం నేనే మోస్తాను." లేచి నిలబడింది. "ఆయన అడిగింది నన్నొక్కదాన్నే కాదు. ఆ అమ్మాయికి ఆరుసార్లు చెప్పాడు నొప్పుందని. నా గొంతు నాదని నేను ఒప్పుకున్నాను. మరి ఆ అమ్మాయి గొంతు ఎవరిదో ఈయన్ని చెప్పమనండి."

"చెప్పండి" అంది మేడమ్.

టై ఆయన ఫైలు తెరిచాడు. రెండు పేజీలు తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. ఇప్పుడిక 'నా చేతుల్లో లేదు' అనడానికి కూడా లేదు, గదిలో ఆ కంపెనీకి ఉన్న నోరు అతనిదొక్కటే.

"పాలసీ అమ్మింది ఎవరి పేరు మీద?" అంది మేడమ్. "ఆ తొమ్మిది 'లేదు'లు పట్టుకుని ఈమెకి ఉత్తరం రాసింది ఎవరు? ఏజెన్సీయా?"

"మేమేనండీ."

"అయితే ఆ గొంతు?"

"మా... మా కంపెనీదేనండీ" అన్నాడతను, పక్కనున్న గుమాస్తాకే వినపడేంత మెల్లగా.

"గట్టిగా చెప్పండి. రాసుకుంటున్నారు."

"మా కంపెనీదేనండీ."

గుమాస్తా రాసుకున్నాడు. ఆయన చెప్పాడు, మీరు వద్దన్నారు, దాచింది మీరు, ఆయన కాదు అంది మేడమ్. ఈమెకి రావలసింది ఇవ్వడమే కాదు, ఆ నెలలో ఆ ఏజెన్సీ చేసిన ఫోన్ల రికార్డులన్నీ తెచ్చి తన ముందు పెట్టమంది. రికార్డు కాపీ ఒకటి ఆర్డరుతో పాటు ఇంటికి వస్తుందమ్మా అని కూడా చెప్పింది. ఇన్సూరెన్స్ బాబాయి జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడవడం మొదలెట్టి ఎంతకీ ఆపలేదు. కూతురు ఏడుస్తోంది.

"ఇంక వెళ్ళచ్చమ్మా" అంది మేడమ్.

సోఫాలక్క కదల్లేదు. కంప్యూటరు దగ్గర వైర్లు చుడుతున్న గుమాస్తా వైపు తిరిగింది.

"బాబూ, ఇంకొక్కసారి పెడతావా? మొత్తం వద్దు. ఆయన నొప్పి గురించి చెప్పాడే, అక్కణ్ణించి." మెల్లగా మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "అప్పుడు నేను వినలేదు."

గుమాస్తా మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తలూపి, లేచి వెళ్ళి ఆ టకటకమనే ఫాను ఆపేసింది.